జెఫర్‌సను వ్రాతపెట్టె

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున బెంజమిన్ రాండాల్ఫు అను వడ్రంగి యుండెను. కుర్చీలు, బల్లలు చేయుటలో అతనిది అందె వేసిన చేయి. 1775లో వర్జీనియా ప్రతినిధిగా ఆ నగరమునకు వచ్చిన థామస్ జెఫర్‌సను అతని యింట బస చేసెను. ప్రయాణములందు వెంట కొనిపోదగిన వ్రాతపెట్టె కావలెనని తలచి, జెఫర్‌సను తానే నమూనా గీసి యిచ్చెను. రాండాల్ఫు దానిని మహాగని కొయ్యతో నిర్మించెను.

మూసినపుడు అది పెద్ద పుస్తకమంత యుండును. పొడవు 14 అంగుళములకు కొంచెము మించును. ఎత్తు 3 అంగుళముల పైచిలుకు. పైనున్న పలక మడతబందులపై తిరుగును. తెరచి పరచినచో వ్రాయుటకు చోటు పెరుగును. పలకకు ఆకుపచ్చని ఉన్నిగుడ్డ అంటించిరి. వలసినపుడు దానిని ఏటవాలుగా నిలుపవచ్చును. కాగితములు, కలములు, సిరాబుడ్డి దాచుకొనుటకు తాళముగల సొరుగు కలదు. నగిషీలు లేవు. పెట్టె అందమంతయు అమరికలోనే యున్నది.

1776 జూను మాసమున జెఫర్‌సను ఈ పెట్టెపైననే అమెరికా స్వాతంత్ర్య ప్రకటనమును రచించెను. మనుష్యులందరును సమానులని అందు చాటెను. అట్లు చాటిన యాతడే వందలకొలది బానిసలకు యజమాని!

ఆ సంవత్సరముననే అతని బానిసలలో నొక స్త్రీకి జాన్ హెమింగ్సు జన్మించెను. హెమింగ్సు పెరిగి, జేమ్సు డిన్స్‌మోర్ అను ఐరిషు వడ్రంగి యొద్ద పని నేర్చి, గురువునకు తగిన శిష్యుడయ్యెను. జెఫర్‌సను మనుమరాలు ఎలెనుకు వివాహమైనపుడు ఆమెకొరకు ఎంతో శ్రమపడి యొక వ్రాతబల్లను చేసెను. 1825లో ఆమె సామానులతో బోస్టనుకు పోవుచున్న ఓడ సముద్రమున మునిగిపోయెను. బల్లయు దానితోనే పోయెను.

ఈ వార్త విని హెమింగ్సు కుమిలిపోయెను. తక్కిన సామానుల నష్టము అతని కంటికి ఆననే లేదు. మరియొకటి చేయలేవా యని జెఫర్‌సను అడుగగా, చూపు మందగించినదనియు, ఆ బల్ల రూపము సరిగా జ్ఞాపకము లేదనియు హెమింగ్సు బదులు చెప్పెను. ఈ సంగతిని జెఫర్‌సనే మనుమరాలికి జాబు వ్రాసెను. పోయినదానికి మారుగా, రాండాల్ఫు చేసిన తన పాత పెట్టెను, స్వహస్తముతో వ్రాసిన ధ్రువపత్రముతో కూడ, ఎలెను భర్తకు పంపెను. ఆ కుటుంబమువారు 1880లో దానిని ప్రభుత్వమునకు సమర్పించిరి. ఇపుడది వాషింగ్టనులోని స్మిత్సోనియను ప్రదర్శనశాలలో నున్నది.

1826లో జెఫర్‌సను మరణించెను. అతని మరణశాసనము హెమింగ్సుకు విముక్తి నొసగి, కర్మశాలలోని పనిముట్లను అతనికే యిచ్చెను. భార్య ప్రిసిల్లాకు మాత్రము విముక్తి లభింపలేదు. ఆమె జెఫర్‌సను కుమార్తె కుటుంబమున బానిసగనే యుండెను.