మర్నాటి పొద్దు ఏం చెబుతుందో విను



నువ్వు హాస్టల్ మెట్లు రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో కాలూ పక్కకు వేసుకుంటూ దిగుతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మోకాలి చిప్ప కింద వేలు పెట్టి చూపించేంత చోటే నొప్పి. పరుగు మొదట్లో గుచ్చి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, మర్నాడు లేవగానే మళ్లీ పట్టేస్తోందట. వింటుంటే నా కుడి మోకాలే గుర్తొచ్చింది. వాలీబాల్ ఆడే రోజుల్లో ఆ నొప్పితో మూడేళ్లు బాధపడ్డాను. అందులో రెండేళ్లు నా తప్పుల వల్లే పోయాయి. అందుకే ఈ ఉత్తరం.

నీకు నొప్పి పుడుతున్న చోట ఉన్నదాన్ని మనవాళ్లంతా నరం అంటారు గానీ అది నరం కాదు తల్లీ. తొడ కండ బలాన్ని మోకాలి చిప్ప మీదుగా కాలి ముందెముకకు అందించే గట్టి పట్టీ. డాక్టర్లు టెండన్ అంటారు. ఎగిరినా, దిగినా భారమంతా దాని మీదే. కండకు అందినంత రక్తం దానికి అందదు, కాబట్టి కోలుకోవడం నిదానం. కానిస్టేబుల్ ఈవెంట్స్ దగ్గరపడుతున్నాయని నువ్వు 800 మీటర్ల పరుగునూ లాంగ్‌జంప్‌నూ ఒకే వారంలో రెట్టింపు చేశావు, పరుగేమో తార్రోడ్డు మీద. కండలు తట్టుకున్నాయి, పట్టీ తట్టుకోలేకపోయింది.

నేను నొప్పి వస్తే మంచం ఎక్కేవాణ్ని, తగ్గితే నేరుగా కోర్టులో దిగేవాణ్ని. పడుకున్నన్నాళ్లూ హాయిగానే ఉంటుంది. కానీ పని లేని టెండన్ ఇంకా బలహీనపడుతుంది, దిగిన మొదటి రోజే కథ మళ్లీ మొదటికొస్తుంది. విసిగిపోయి ఒక చోట స్టెరాయిడ్ సూది వేయించుకున్నాను. నెలపాటు నొప్పే లేదు, ఎగిరెగిరి ఆడాను. తర్వాత వచ్చిన నొప్పికి కింద కూర్చుని లేవలేకపోయాను. ఆ సూది నొప్పిని కప్పేస్తుంది, టెండన్‌ను బలహీనపరిచే ప్రమాదమూ ఉంది. ఈవెంట్స్ రేపే అన్నా సరే, దానికి ఒప్పుకోకు. ఇంకో మాట. జ్వరానికో, మూత్రంలో మంటకో మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్లలు ఇచ్చేస్తుంటారు. ఆ జాతి మందులు టెండన్లను దెబ్బతీయగలవని అమెరికాలో 2008లోనే వాటి వివరాల పత్రంలో పెద్ద హెచ్చరిక పెట్టించారు. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా నీ మోకాలి సంగతి ముందే చెప్పు.

మరి దారేమిటంటావా? స్వీడన్‌లో హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరుకు మడమ వెనక టెండన్ నొప్పి ఉండేది. ఆపరేషన్ చేయమంటే పై డాక్టరు ఒప్పుకోలేదు. తెగితేనైనా చేస్తారు కదా అని, నొప్పి పుడుతున్నా మడమను కిందికి దించుతూ దాని మీద భారం వేశాడు. తెగలేదు, బాగుపడింది! తర్వాత 15 మంది రన్నర్ల చేత 12 వారాలు ఇదే చేయించాడు. అందరూ మళ్లీ పరుగెత్తారని 1998లో రాశాడు. నిన్ను అంత మొండితనం చేయమనను. టెండన్‌కు కావలసింది కొలిచి వేసిన భారం, అది తెలుసుకో చాలు.

బడిలో పిల్లలకు శిక్షగా గోడకుర్చీ వేయించేవాళ్లం గుర్తుందా? డ్రిల్లు మాస్టారుగా నేనూ వేయించాను, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. చివరికి నా మోకాలికి ఫిజియో చెప్పింది అదే. వీపు గోడకు ఆనించి, పాదాలు ముందుకు పెట్టి, ఓర్చుకోగలిగినంత మేరకే కిందికి జారి 45 సెకన్లు ఆగాలి. రెండు నిమిషాలు విరామం. అలా ఐదుసార్లు. సగం దాటేసరికి తొడలు వణుకుతాయి, భయపడకు. నొప్పి పదికి మూడు దాటితే కాస్త పైకి జరుగు. కొన్ని వారాల తర్వాత బరువు పట్టుకుని నిదానంగా గుంజీలు, ఆ తర్వాతే పరుగు, అన్నిటికన్నా ఆఖరున దూకడం. ఇదంతా ఒక మంచి ఫిజియోకు ఒకసారి చూపించుకుని మొదలుపెట్టు.

రోజూ లేవగానే ఒక్క మెట్టు దిగి, నొప్పి పదికి ఎంతో నోట్‌బుక్‌లో రాయి. నిన్నటికన్నా పెరిగితే నిన్నటి పని ఎక్కువైనట్టే. ఆ రోజు తగ్గించు, మానేయకు. మోకాలు వాచి కాలిపోతున్నా, జ్వరం తోడైనా, మడతలో ఇరుక్కుపోయినా, టప్పుమని శబ్దం వచ్చి కాలు చాచి ఎత్తలేకపోయినా మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లు.

మూడు నెలలు పట్టొచ్చు, ఆరూ పట్టొచ్చు. తోటివాళ్లు రౌండ్లు కొడుతుంటే పక్కన నిలబడడం మోకాలి నొప్పికన్నా పెద్ద బాధ, నాకు తెలుసు. అయినా గ్రౌండ్‌కు పోవడం మానకు. షాట్‌పుట్ నిలబడి విసురు, నొప్పి లేనంతవరకు సైకిల్ తొక్కు. ఈసారి నోటిఫికేషన్ దాటిపోతే దాటిపోనీ, నీకింకా వయసుంది. ఫీజుల సంగతి మీ అమ్మా నేనూ చూసుకుంటాం.

ఆదివారం పొద్దున్నే బస్సుకు వస్తున్నాను. ఆ లోపు నోట్‌బుక్‌లో నాలుగు అంకెలైనా పడి ఉండాలి. మీ హాస్టల్ వరండాలో వీపు జారేంత నున్నటి గోడ ఎక్కడుందో చూసి పెట్టు, ఇద్దరం కలిసి వేద్దాం.

మీ మామయ్య