ఎక్స్‌రేకు దొరకని గ్రంథి

ప్రశ్న: మా పొమేరేనియన్ కుక్కకు తొమ్మిదేళ్లు. నాలుగైదు నెలలుగా గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతోంది, రాత్రిళ్లు ఇంట్లోనే మూత్రం పోస్తోంది. పొట్ట జారింది. రెండు పక్కలా వెంట్రుకలు ఊడుతున్నాయి, ఇప్పుడైతే దురద లేదు. ఎక్స్‌రే తీసి కాలేయం పెద్దదైందన్నారు. అడ్రినల్ గ్రంథికి స్కానింగ్ కూడా చేయించమంటున్నారు. ఎక్స్‌రే సరిపోదా?
– ఓ పాఠకురాలు, రామారెడ్డి

జవాబు: కుక్కను వాహనంగా చేసుకున్న కాలభైరవస్వామి కొలువైన ఊరి నుంచి ఇంత వివరంగా ఉత్తరం రావడం ముచ్చటగా ఉంది. ఈ లక్షణాలన్నీ ఒక్కచోట కనబడితే పశువైద్యులు ముందుగా అనుమానించేది కుషింగ్ వ్యాధిని. అడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే కార్టిసాల్ హార్మోన్ ఒంట్లో మోతాదు మించడం వల్ల వచ్చే జబ్బిది. అమెరికా వైద్యుడు హార్వే కుషింగ్ 1932లో మనుషుల్లో వివరించిన ఈ జబ్బు, వయసు మళ్లిన కుక్కల్లో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

సహజంగా వచ్చే కేసుల్లో 80 నుంచి 85 శాతం వాటిలో లోపం మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథిది. మిగిలినవాటిలో అడ్రినల్‌లోనే గడ్డ ఉంటుంది. మందులతో నెట్టుకురావాలా, ఆపరేషన్‌కు వెళ్లాలా అనేది ఈ తేడాను బట్టే తేలుతుంది.

ఆరోగ్యంగా ఉన్న అడ్రినల్ ఎక్స్‌రేలో కనబడనే కనబడదు. గడ్డలో సున్నం పేరుకుంటే మూత్రపిండానికి కాస్త ముందు తెల్లటి మచ్చ పడుతుంది. చాలా గడ్డల్లో సున్నం చేరదు. కాబట్టి మచ్చ లేనంత మాత్రాన గడ్డ లేదని అనుకోకూడదు.

అల్ట్రాసౌండ్‌లో కథ మారుతుంది. ఎడమ గ్రంథి వేరుశనగకాయలా నడుమ సన్నగా కనిపిస్తుంది. కుడిది పెద్ద సిరను ఆనుకుని ఉంటుంది, దొరకబుచ్చుకోవడం కాస్త కష్టం. పది కిలోల లోపు కుక్కలో మందం సుమారు 6 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. రెండూ ఒకేలా లావెక్కితే అనుమానం పిట్యూటరీ వైపు మళ్లుతుంది. ఒకటి గడ్డకట్టి రెండోది చిక్కిపోతే అడ్రినల్ గడ్డ అయ్యే అవకాశమే ఎక్కువ. ఆ గడ్డ పక్కనున్న సిరలోకి చొరబడిందా అన్నది ఆపరేషన్‌కు ముందు సీటీ స్కాన్‌లో స్పష్టంగా తెలుస్తుంది.

అయితే స్కానింగ్ కాగితం మీది కొలత ఒక్కటే చూసి జబ్బు ఖాయం చేయకూడదు. వేరే దీర్ఘకాలిక జబ్బుతో నలిగిపోతున్న కుక్కలోనూ అడ్రినల్ ఉబ్బుతుంది. కుషింగ్ ఉన్నా కొన్నింట్లో కొలత మామూలుగానే ఉంటుంది. అందుకే డెక్సామెథసోన్ పరీక్ష కూడా కావాలి. సూది మందు ఇచ్చేముందు ఒకసారి, తర్వాత 4, 8 గంటలకు రక్తం తీసి కార్టిసాల్ చూస్తారు.

ప్రశ్న: నిరుడు దురదకని చాలాసార్లు ఇంజెక్షన్లు వేయించాం. అది కూడా చెప్పాలా?

జవాబు: ముందు చెప్పాల్సిందే అది. ఆ ఇంజెక్షన్లు స్టెరాయిడ్లైతే, సరిగ్గా ఇవే లక్షణాలు వాటి వల్లా రావచ్చు. అప్పుడు రెండు అడ్రినల్ గ్రంథులూ పనిలేక చిక్కిపోతాయి. పరీక్ష కూడా మారుతుంది, అడ్రినల్‌ను ప్రేరేపించే ఏసీటీహెచ్ హార్మోన్ సూది వేసి గ్రంథి స్పందిస్తుందో లేదో చూడాలి. పాత చీటీలు, ఖాళీ సీసాలు ఉంటే వెంట తీసుకెళ్లడం మేలు. స్టెరాయిడ్ మాత్రలు ఇంకా నడుస్తుంటే ఉన్నట్టుండి మానేయడం ప్రమాదం. వాంతులై, కుక్క కూలబడిపోవచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి.

పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి రాజేంద్రనగర్‌లో, కోరుట్లలో కళాశాలలున్నాయి. ఏ పరీక్ష ఎక్కడ, ఏ రోజు చేస్తారో ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి. స్కానింగ్‌కు పొట్ట మీద వెంట్రుకలు గొరుగుతారు, మత్తు చాలావరకు అక్కర్లేదు. ముందు 8 నుంచి 12 గంటలు తిండి పెట్టొద్దంటారు. నీళ్లు మాత్రం దారిలోనూ ఆపకండి. ఇంతగా మూత్రం పోసే కుక్కకు నీళ్లు అందకపోతే కొద్ది గంటల్లోనే ఒళ్లు ఎండిపోతుంది.