గాలి వేడి వేరు, గది వేడి వేరు

మన మార్టూరులో చలికాలం ఎంత? డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మంచు పడుతుంది, ఎండ రాగానే పోతుంది. ఇల్లంతా వేడిచేసే యంత్రం మనకు అక్కరలేదు. మరి ఈ పాఠం హీటర్ల గురించి ఎందుకంటారా? రెండు కారణాలున్నాయి. బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు మనలో ఇంకా పూర్తిగా పోలేదు. రెండవది, మన ప్రాంతపు తల్లులు ఎందరో అమెరికాలో ఉన్న కూతుళ్ళ, కోడళ్ళ పురుళ్ళకు వెళ్ళి వస్తున్నారు. అక్కడి చలీ వేరు, అక్కడి హీటర్లూ వేరు.

అలా వెళ్ళిన ఒకామె ఒక రోజు నాకు ఫోను చేసింది. "సిస్టరుగారూ, ఈ ఇంట్లో హీటరు పాడైనట్లుంది. జాలీ దగ్గర చెయ్యి పెడితే చల్లగాలే వస్తోంది. బిడ్డకు పన్నెండు రోజులు. మూడు రగ్గులు కప్పి, ఉయ్యాల పక్కన చిన్న హీటరు కూడా పెట్టాను. అయినా భయంగా ఉంది" అన్నది. గోడ మీది మీటరులో అంకె ఎంత ఉందమ్మా అని అడిగాను. 72 అని చెప్పింది. అది ఫారన్‌హీట్ లెక్క. మన లెక్కలో 22 డిగ్రీలు. గది బాగానే ఉంది. బిడ్డకు ధర్మామీటరు పెట్టి చూడమన్నాను. 100.8 వచ్చింది!

రగ్గులు తీసి, పక్క హీటరు ఆపి, వెంటనే అక్కడి డాక్టరుకు ఫోను చేయమన్నాను. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, అంటే 38 సెంటీగ్రేడు, వస్తే ఆలస్యం చేయకూడదు. ఆసుపత్రిలో రక్తం తీశారు, వెన్నులోంచి నీరు తీశారు. చివరకు ఇన్ఫెక్షన్ లేదని తేలింది. బిడ్డను వేడెక్కించింది రోగం కాదు, రగ్గులూ హీటరూ. అమ్మమ్మ ప్రేమలో లోపం లేదు. ఆమెను మోసం చేసింది ఆమె చెయ్యి.

చెయ్యి ఎందుకు మోసం చేస్తుంది?

మన శరీరం లోపల 37 డిగ్రీలు ఉంటుంది. చేతి చర్మం అంతకంటే కొంచెం తక్కువ, సుమారు 32, 33 డిగ్రీలు. కనుక 33 డిగ్రీల గాలి చేతికి తగిలితే వెచ్చగా అనిపించదు. పైగా వీచే గాలి చర్మం మీది తేమను ఆరబెడుతుంది కాబట్టి చల్లగానే తోస్తుంది. అయినా ఆ గాలి 20 డిగ్రీల గదిని వేడిచేయగలదు.

స్నానానికి నీళ్ళు తొలపడం గుర్తు చేసుకోండి. చన్నీళ్ళలో చెంబుడు మరుగుతున్న నీళ్ళు పోయవచ్చు, లేదా బిందెడు వెచ్చని నీళ్ళు పోయవచ్చు. రెండు విధాలా నీళ్ళు గోరువెచ్చనవుతాయి. హీటర్లూ అంతే.

ఏ హీటరు గాలి ఎంత వేడి?

1. గ్యాసు ఫర్నెసు: గ్యాసు మండి ఒక లోహపు పెట్టెను వేడిచేస్తుంది. దాని మీదుగా వచ్చే గాలి సుమారు 50 నుండి 60 డిగ్రీల వేడితో జాలీలోంచి కొడుతుంది. కాసేపు పనిచేసి ఆగిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఇది చెంబుడు మరుగు నీళ్ళ పద్ధతి. దీని జాలీ ఎదుట ఉయ్యాల ఉంచకూడదు.

2. హీటు పంపు: ఇది తిరగేసిన ఏసీ. ఏసీ ఇంట్లోని వేడిని బయటికి తోస్తే, ఇది బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెస్తుంది. గాలి సాధారణంగా 32 నుండి 40 డిగ్రీలే ఉంటుంది. బయట చలి పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అందుకే ఎక్కువసేపు ఆగకుండా తిరుగుతుంది. ఇది బిందెడు వెచ్చని నీళ్ళ పద్ధతి. బయటి యంత్రం మీద పేరుకున్న మంచును కరిగించుకునేటప్పుడు కొన్ని నిమిషాలు చల్లగాలి రావచ్చు, బయట ఆవిరి లేవవచ్చు. కంగారుపడనక్కరలేదు. మనకు ఫోను చేసినామె ఇంట్లో ఉన్నది ఇదే.

3. ఎర్రగా కాలే కాయిల్ హీటరు: ఇది ముఖ్యంగా ఎదుట ఉన్న వస్తువును కాలుస్తుంది, గాలిని అంతగా వేడిచేయదు. ముందు చురుక్కుమంటుంది, వెనుక చలిగానే ఉంటుంది. మన వార్డులో పసిబిడ్డలను ఉంచే వార్మరు కూడా ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. అందుకే బిడ్డ చర్మానికి తీగ అంటించి, వేడి చూస్తూ నడుపుతాము. ఇంట్లో ఆ తీగ ఉండదు, కాపలా కాసే నర్సూ ఉండదు.

4. నూనె రేడియేటరు: గాలి ఊదదు. దాని పైనుండి వేడి గాలి మెల్లగా లేచి గదంతా పరచుకుంటుంది. కొంత సమయం పడుతుంది. పాకే పిల్లలు ముట్టుకుంటే కాలుతుంది.

కుంపటి మాట

కుంపటిలో పొగ ఆగి నిప్పులు ఎర్రబడ్డాక ప్రమాదం లేదనుకుంటాము. అది పొరపాటు. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా అది రక్తానికి అంటుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఆ సంగతి తెలియనే తెలియదు.

"మా అమ్మ పెట్టింది, మేమంతా బతికాము కదా" అని పెద్దవాళ్ళు అంటారు. నిజమే. కాని అప్పటి ఇళ్ళు పెంకుటిళ్ళు. పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పటివి స్లాబు ఇళ్ళు, అద్దాల కిటికీలు. తలుపు వేస్తే డబ్బా బిగించినట్లే. అమెరికా ఇళ్ళు ఇంకా బిగువు. అక్కడ కుంపటి, సాంబ్రాణి నిప్పులు తలపెట్టనే వద్దు. గోడకున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే బ్యాటరీ తీసేయకండి. అందరూ బయటికి వచ్చి 911కు ఫోను చేయండి. మన దగ్గరైతే 108.

మరి బిడ్డకు చలి అని ఎలా తెలుస్తుంది?

జాలీ దగ్గర కాదు, బిడ్డ దగ్గర చూడండి. మీ చేతులు కడిగి, తుడిచి, వెచ్చబరచుకొని బిడ్డ పొట్టనూ పాదాలనూ ముట్టుకోండి.

- రెండూ వెచ్చగా ఉంటే బిడ్డ బాగున్నట్టు.
- పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి మొదలైనట్టు. టోపీ, మేజోళ్ళు తొడిగి, తల్లి రొమ్ముకు ఆనించి పాలు పట్టించండి.
- రెండూ చల్లబడితే ప్రమాదం. తల్లి ఒంటికి ఆనించుకొనే ఆసుపత్రికి తీసుకురండి.
- మెడ, వీపు చెమటపట్టినా, ఒళ్ళు ఎర్రబడినా వేడి ఎక్కువైనట్టు. ఒక పొర తీయండి.

అనుమానమైతే ధర్మామీటరు పెట్టండి. పసిబిడ్డకు 36.5 నుండి 37.5 వరకు, అంటే ఫారన్‌హీట్‌లో 97.7 నుండి 99.5 వరకు, మామూలు.

పుట్టగానే తడిగా ఉన్న బిడ్డ కోసం కాన్పు గదిని 25 నుండి 28 డిగ్రీల మధ్య ఉంచుతాము. ఒళ్ళు ఆరి, బట్ట కట్టిన నెలలు నిండిన బిడ్డకు ఇంట్లో అంత అక్కరలేదు. అమెరికాలో సాధారణంగా 68 నుండి 72 ఫారన్‌హీట్ చాలంటారు. పెద్దవాళ్ళు వేసుకున్నదాని కంటే ఒక పొర ఎక్కువ వేస్తే సరిపోతుంది. నిద్రపోయే బిడ్డ మీద వదులు రగ్గులు కప్పవద్దు. వెల్లకిలా పడుకోబెట్టండి.

ప్రయాణానికి పచ్చళ్ళు, కారప్పొడులు కట్టుకునే తల్లులారా, పెట్టెలో ఒక ధర్మామీటరు కూడా పెట్టుకోండి. వెళ్ళిన మొదటి రోజే "మన ఇంట్లో ఏ హీటరు? అలారం ఎక్కడుంది?" అని కూతురినో అల్లుడినో అడిగి తెలుసుకోండి. ఆ రెండు ప్రశ్నలతో ఒక బిడ్డకు వెన్నులో సూది తప్పవచ్చు.