పిల్లి ఆహారంలో బూడిదా?

పిల్లి ఆహారం పొట్లం వెనుక ఉండే చిన్న పట్టికను ఎప్పుడైనా చదివారా? ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ అని వరుసగా రాసి, వాటి మధ్య ‘యాష్’ అని ఒక మాట ఉంటుంది. యాష్ అంటే బూడిద. డబ్బు పెట్టి కొన్న ఆహారంలో బూడిద కలుపుతారా అని మా తరగతిలో చాలామంది అడిగారు. ఆ ఒక్క మాట అర్థమైతే పట్టిక మొత్తం సులువవుతుంది. ఈ పాఠంలో దాన్ని చదవడం నేర్చుకుందాం.

మనలాంటి పిల్లలకు ఇది మరీ అవసరం. అమ్మానాన్నలకు కొన్నేళ్ళకొకసారి బదిలీ అవుతుంది. విశాఖపట్నంలో దొరికిన రకం ఇక్కడ శ్రీ విజయ పురంలో దొరకకపోవచ్చు. అబర్దీన్ బజారుకు వచ్చే సరుకు చాలావరకు ఓడలోనే రావాలి. సముద్రం బాగాలేక ఓడ ఆలస్యమైతే దుకాణంలో ఏది ఉంటే అదే కొనాలి. పొట్లం మీది పేరూ బొమ్మా ఊరూరికీ మారతాయి. వెనుక ఉండే పట్టిక మాత్రం దాదాపు ఒకే పద్ధతిలో ఉంటుంది. అందుకే పేరును కాదు, పట్టికను నమ్ముకోవాలి.

బూడిద అంటే ఖనిజాలు

ప్రయోగశాలలో కొద్దిగా ఆహారం తూచి, సుమారు 550 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండే కొలిమిలో కాలుస్తారు. నీరు ఆవిరైపోతుంది. ప్రోటీన్, కొవ్వు, పిండి పదార్థాలు, పీచు కాలిపోతాయి. కాలకుండా మిగిలేవి ఖనిజాలు: కాల్షియం, భాస్వరం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం, అతి కొద్దిగా ఇనుము, జింకు, రాగి వంటివి. కట్టెల పొయ్యిలో మిగిలే బూడిద కూడా ఇలాంటిదే. చెట్టు మట్టిలోంచి తీసుకున్న ఖనిజాలే అందులో ఉంటాయి. కాబట్టి పట్టికలోని బూడిద ఎవరో తెచ్చి కలిపింది కాదు. ఆహారంలో ఉన్న మొత్తం ఖనిజాలకు అది కొలత.

కొన్ని మాటల ముందు ‘క్రూడ్’ అని ఉంటుంది. దానికి నాసిరకం అని అర్థం కాదు, ఉజ్జాయింపు పద్ధతిలో కొలిచారని అర్థం. ఉదాహరణకు ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. ఆహారంలో నైట్రోజన్ ఎంత ఉందో చూసి, దాన్ని 6.25తో హెచ్చవేస్తారు.

బూడిద అంకెకు ఒక పరిమితి ఉంది. ఇద్దరు విద్యార్థులకు మొత్తం మార్కులు సమానంగా వచ్చినా ఒకరు లెక్కల్లో ముందుండవచ్చు, ఇంకొకరు హిందీలో ముందుండవచ్చు. బూడిద కూడా అలాంటి మొత్తమే. అందులో కాల్షియం ఎంత, మెగ్నీషియం ఎంత అన్నది దాన్ని చూసి చెప్పలేం. ఆ వివరాలు కొన్ని పొట్లాల మీద విడిగా ఉంటాయి. లేకపోతే తయారీదారును అడిగి తెలుసుకోవచ్చు.

ముందు నీటిని తీసేయండి

రెండు రకాలను పోల్చేటప్పుడు చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. పొడి ఆహారంలో ప్రోటీన్ 32 శాతం, బూడిద 8 శాతం, తేమ 10 శాతం అనుకోండి. తడి ఆహారంలో ప్రోటీన్ 9, బూడిద 2, తేమ 82 శాతం అనుకోండి. చూడగానే తడి ఆహారంలో ఏమీ లేదనిపిస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం నీరే. నీటిని పక్కన పెట్టి లెక్క వేయాలి.

పొడి ఆహారంలో నీరు పోగా మిగిలింది 90. ప్రోటీన్ 32ను 90తో భాగించి 100తో హెచ్చవేస్తే 35.6 శాతం. తడి ఆహారంలో నీరు పోగా మిగిలింది 18. అక్కడ 9ని 18తో భాగిస్తే 50 శాతం! బూడిద కూడా పొడిదానిలో 8.9 శాతం, తడిదానిలో 11.1 శాతం అవుతుంది. తక్కువగా కనిపించిన అంకె నిజానికి ఎక్కువ. ఈ పద్ధతిని ‘పొడి పదార్థం లెక్క’ అంటారు.

ఇంకో చిన్న లెక్క ఉంది. పిండి పదార్థాల శాతం పట్టికలో సాధారణంగా ఉండదు. 100 నుంచి ప్రోటీన్, కొవ్వు, పీచు, బూడిద, తేమ మొత్తాన్ని తీసివేస్తే వచ్చేదే అది. బూడిద అంకె లేకపోతే ఈ లెక్క కుదరదు.

కాల్షియం, భాస్వరం జంట

‘మా ఊళ్ళో పిల్లి పెరుగన్నం తిని బతికింది, దానికేమైంది?’ అని అమ్మమ్మలు అడుగుతారు. వారి మాట నిజమే. కానీ ఆ పిల్లి పెరుగన్నం ఒక్కటే తినలేదు. గడ్డివాములో ఎలుకల్ని, గోడ మీద బల్లుల్ని ఎముకలతో సహా తినేది. దానికి కావలసిన ఖనిజాలు అక్కడ దొరికేవి. క్వార్టర్స్‌లో తలుపు మూసి పెంచే పిల్లికి ఆ దారి లేదు. గిన్నెలో మనం వేసిందే దానికి ఆధారం.

మన దీవుల్లో చేపలకు కొదవ లేదు. జంగ్లీఘాట్ నుంచి తెచ్చిన చేపను ఉడికించి, ముల్లు తీసి, అన్నంలో కలిపి పిల్లికి పెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. ప్రేమగా చేసే పనే, కానీ అందులో ఒక లోటు ఉంది. 100 గ్రాముల ట్యూనా కండలో భాస్వరం 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. కాల్షియం చాలావరకు 10 మిల్లీగ్రాములు దాటదు. చేపకు కాల్షియం ఎముకల్లో ఉంటుంది, మనం తీసి పారేసింది వాటినే.

ఎదిగే పిల్లిపిల్లకు కాల్షియం, భాస్వరం ఇంచుమించు సమానంగా, కాల్షియం కాస్త ఎక్కువగా అందాలి. కాల్షియం చాలనప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి హార్మోన్ విడుదల చేసి, ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి లాగుతుంది. ఎముకలు పలచబడతాయి. పిల్ల కుంటుతుంది, ముట్టుకుంటే నొప్పితో అరుస్తుంది, కుర్చీ మీంచి దూకినా కాలు విరగవచ్చు. కడుపు నిండా తింటున్న పిల్లకే ఇలా జరుగుతుంది.

అమెరికాలో పశువుల దాణాకు ప్రమాణాలు సూచించే ఆఫ్కో అనే సంఘం కనీస అంకెల్ని పొడి పదార్థం లెక్కలోనే ఇస్తుంది. పెద్ద పిల్లికి ప్రోటీన్ 26 శాతం, కాల్షియం 0.6, భాస్వరం 0.5, మెగ్నీషియం 0.04 శాతం ఉండాలి. ఎదిగే పిల్లలకు ప్రోటీన్ 30 శాతం, కాల్షియం 1.0, భాస్వరం 0.8 శాతం ఉండాలి. పొట్లం మీద ‘సంపూర్ణ, సమతుల ఆహారం’ అన్న అర్థం వచ్చే మాట, అది ఏ వయసు పిల్లికో చెప్పే మాట ఉన్నాయో లేదో చూడండి. గొట్టాల్లో వచ్చే చిరుతిళ్ళు చాలావరకు సంపూర్ణ ఆహారం కావు.

సంపూర్ణ ఆహారం పెడుతూ దాని మీద కాల్షియం మాత్రలు వేయకూడదు. ఎక్కువైనా హానే.

మెగ్నీషియం నేర్పిన పాఠం

పిల్లుల మూత్రాశయంలో కొన్నిసార్లు రాళ్ళు, ఇసుకలాంటి పలుకులు ఏర్పడతాయి. వాటిలో ఒక రకం పేరు స్ట్రువైట్. రసాయన శాస్త్రం ప్రకారం అది మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేట్. ఒకప్పుడు దీనికి కారణం ఆహారంలోని బూడిదే అనుకునేవారు. అందుకే ‘బూడిద తక్కువ’ అన్న ప్రకటనలు వచ్చాయి. 1980ల పరిశోధనలు అసలు సంగతి చెప్పాయి. మొత్తం బూడిద కన్నా మెగ్నీషియం ఏ రూపంలో ఉంది, మూత్రం ఎంత ఆమ్లంగా లేదా క్షారంగా ఉంది అన్నవే ముఖ్యమని తేలింది.

తయారీదారులు మెగ్నీషియం తగ్గించి, మూత్రం ఆమ్లంగా ఉండేలా ఆహారాన్ని మార్చారు. స్ట్రువైట్ రాళ్ళు తగ్గాయి. అదే కాలంలో కాల్షియం ఆక్సలేట్ అనే మరో రకం రాళ్ళు పెరిగాయి. ఆమ్ల గుణం ఎక్కువైతే ఈ రకానికి అనుకూలం. ఖనిజాన్ని తగ్గించినంత మాత్రాన మేలు జరగదు, సమతూకం కావాలి.

మగపిల్లికి మూత్రనాళం సన్నగా ఉంటుంది. అది మూసుకుపోతే పిల్లి మాటిమాటికి కూర్చుని ముక్కుతుంది, చుక్క కూడా రాదు. దీన్ని మలబద్ధకం అనుకుని వదిలేయకూడదు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. రాత్రయినా సరే, వెంటనే పెద్దలకు చెప్పి పశువైద్యుడికి చూపించాలి.

ఖనిజం కాకపోయినా, టారిన్

పదార్థాల జాబితాలో ‘టారిన్’ అన్న మాట కూడా వెతకండి. అది ఖనిజం కాదు, మాంసంలో, చేపలో ఉండే ఒక ఆమ్లం. మొక్కల ఆహారంలో దాదాపు ఉండదు. మన శరీరం దాన్ని తయారు చేసుకుంటుంది, పిల్లి శరీరం చాలినంత చేసుకోలేదు. అది లోపిస్తే పిల్లుల కంటిలోని రెటీనా దెబ్బతింటుందని 1975లో తెలిసింది. గుండె కండరం బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు చూపించారు. టారిన్ ఇస్తే చాలా పిల్లుల గుండె కోలుకుంది. ఆ తరువాత తయారీదారులు ఆహారంలో టారిన్ పెంచారు. పాలన్నం, పెరుగన్నం పిల్లికి ఎందుకు చాలవో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దీవుల్లో జాగ్రత్తలు

ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ, ఏడాదిలో చాలా నెలలు వాన. తెరిచిన పొట్లంలో కొవ్వు త్వరగా చెడి ముక్క వాసన వస్తుంది, బూజు పడుతుంది. చిన్న పొట్లం కొని, దాన్ని అలాగే గాలి చొరని డబ్బాలో పెట్టండి. పొట్లం పారేయకపోతే పట్టికా, గడువు తేదీ మన దగ్గరే ఉంటాయి. ఓడలో వచ్చే సరుకు కాబట్టి ఆ తేదీని కొనే ముందే చూడాలి.

పిల్లులు స్వభావంగా నీళ్ళు తక్కువ తాగుతాయి. పొడి ఆహారం తినే పిల్లికి నీరు మరీ అవసరం, మూత్రం పలచగా ఉంటే పలుకులు కట్టడం తగ్గుతుంది. ధనికారి ఆనకట్టలో నీళ్ళు తగ్గే ఎండాకాలంలో కూడా దాని గిన్నెలో మంచినీళ్ళు ఉండాలి.

కొన్ని రకాల పచ్చి చేపల్లో థయామిన్ అనే విటమిన్‌ను పాడుచేసే ఎంజైమ్ ఉంటుంది. ఉడికిస్తే అది నశిస్తుంది. అందుకే చేప పెడితే ఉడికించి, ఉప్పూ కారం లేకుండా, అప్పుడప్పుడు రుచికోసం మాత్రమే పెట్టండి. ఎండు నెత్తళ్ళలో ఉప్పు ఎక్కువ, అవి వద్దు.

బదిలీ ఉత్తర్వు వచ్చాక

కొత్త ఊళ్ళో ఆహారం మారాల్సి వస్తే ఒక్కరోజులో మార్చకండి. పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా పెంచుతూ వారం పది రోజులు తీసుకోండి. ప్రయాణానికి ముందే ఆ మేరకు పాత ఆహారం దాచుకోవాలి. పిల్లి తినడం పూర్తిగా మానేస్తే రెండు రోజులు చూద్దామని ఆగకండి, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

పిల్లిని పక్కింటి పిన్నిగారికి అప్పగించి వెళ్ళాల్సి వస్తే, పొట్లం వెనుక పట్టికను కత్తిరించి ఇవ్వండి. ఆ రకం అయిపోయినా అలాంటి అంకెలున్న మరో రకం ఆవిడ వెతుక్కోగలరు.

మీరే చేసి చూడండి

1. ఒక పొడి ఆహారంలో ప్రోటీన్ 30, కొవ్వు 12, పీచు 3, బూడిద 7, తేమ 10 శాతం ఉన్నాయి. పిండి పదార్థాలు ఎంత? నీరు తీసేస్తే ప్రోటీన్ ఎంత?

2. ఒక తడి ఆహారంలో ప్రోటీన్ 10, బూడిద 2.4, తేమ 80 శాతం. నీరు తీసేస్తే ప్రోటీన్, బూడిద ఎంతెంత? మొదటి ప్రశ్నలోని ఆహారంతో పోల్చండి.

3. మీ ఇంట్లోనో, స్నేహితుల ఇంట్లోనో ఉన్న పొట్లం మీద ఏ వయసు పిల్లికని రాసి ఉందో చూడండి. ఆ ఇంట్లో ఉన్న పిల్లి వయసుకు అది సరిపోతుందా?

జవాబులు: 1. పిండి పదార్థాలు 38 శాతం, ప్రోటీన్ 33.3 శాతం. 2. ప్రోటీన్ 50 శాతం, బూడిద 12 శాతం. మూడో జవాబు మీ పిల్లి దగ్గరే ఉంది.