అడుగు ముందా, దారి ముందా?

ప్రశ్న: అయ్యగారూ, మన్యములోని యొక బడిలో బోధించుటకు నన్ను రమ్మనుచున్నారు. అది దేవుని పిలుపేయని నా మనస్సు చెప్పుచున్నది; కాని జీతము స్వల్పము, ఇంట వృద్ధురాలైన తల్లి. దారి స్పష్టముగా కనబడువరకు ఆగుట అవిశ్వాసమగునా?
— ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, మీ సందేహమునకు యెహోషువ గ్రంథము 3వ అధ్యాయముకంటె దగ్గరి యుత్తరము నాకు దోచుట లేదు. కోతకాలమున గట్లు పొర్లి పారుచున్న యొర్దాను నెదుట ఇశ్రాయేలీయులు మూడు దినములు విడిసి యుండిరి. దేవుని నిబంధన మందసమును మోయు యాజకుల పాదములు నీటియంచున మునిగిన తరువాతనే ప్రవాహమాగెను. ఆగినదియు ఎగువను, బహుదూరమున, ఆదామను పురమునొద్ద.

అయితే యీ కథలో మనవారు తరచు విడిచిపెట్టు భాగమొకటి కలదు. వారి నాయకుడైన ఆ యెహోషువయే అంతకు మున్ను షిత్తీమునుండి ఇద్దరు వేగులవారిని యెరికోకు రహస్యముగా బంపెను. ప్రజలను ఆహారము సిద్ధపరచుకొనుడని యాజ్ఞాపించెను. వేగును, సద్దిమూటయు విశ్వాసమునకు విరోధములు గావు. సిద్ధపాటంతయు ముగిసిన పిమ్మట మిగిలిన యేటిని దాటుటకే విశ్వాసము.

కావున ముందుగా ఆ బడిని స్వయముగా చూచి రండు. జీతము నెలనెల ముట్టునో లేదో అక్కడ పనిచేయువారినే యడుగుడు. తల్లిగారికి వలసిన వైద్యము ఎంత దూరములో దొరకునో విచారింపుడు. ఆమె సమ్మతి గైకొనుడు. సంఘపు పెద్దలతో కలిసి ప్రార్థింపుడు. తగిన హేతువు కనబడినచో మానుకొనుట అవిశ్వాసము గాదు. సమస్తము విచారించిన మీదటను రేపేమగునో యను భయమొక్కటే మిగిలినచో, అది ఎన్నాళ్లు వేచినను తీరునది గాదు, నిస్సంకోచముగా బయలుదేరుడు.