సాయంత్రమైతే ఏడుపే!

ప్రశ్న: డాక్టరుగారూ, మేం కోల్‌కతా వాట్‌గంజ్‌లో ఉంటాం. మా మామగారి రోజుల నుంచీ ఖిదిర్‌పూర్ డాక్ పనే మాకు ఆధారం. బాబుకి నెల దాటింది. దీపాలు పెట్టే వేళకి మొదలుపెడతాడు. మొహం కందిపోయి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గంటల తరబడి ఏడుస్తాడు, కాసేపటికి గాలి వదులుతాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అత్తయ్య వసకొమ్ము అరగదీసి నాకించమంటారు. కింది వాటాలో బెంగాలీ మాసీమా గ్రైప్ వాటర్ పట్టమంటారు. ఎవరి మాట వినను? నన్ను పప్పు, ఆలుగడ్డ తిననివ్వడం లేదు కూడా.

జవాబు: ఇద్దరూ ప్రేమకొద్దీ చెబుతున్నారు. అయినా ఆ రెండూ బాబు నోట్లో పడకూడదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలూ, డాక్టరు రాసిస్తే విటమిన్ చుక్కలూ చాలు. మంచినీళ్ళు కూడా వద్దు. వసలో బీటా-ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది. అది జంతువుల్లో కేన్సర్ తెచ్చిందని తేలాక, 1968లోనే అమెరికా వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండులో ఉడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి చేసిన సరుకు. మొదట్లో అందులో సారాయి ఉండేది. ఇప్పుడు లేదు, గుణం చేస్తుందన్న రుజువూ లేదు. తియ్యగా ఉంటే పిల్లాడు చప్పరిస్తూ కాసేపు ఊరుకుంటాడు, అంతే.

మీరు రాసినదాన్ని బట్టి ఇది 'కోలిక్' కావచ్చు. రోజుకి మూడు గంటలు మించి, వారానికి మూడు రోజులు మించి ఏడిస్తే ఆ పేరు పెట్టాలని 1954లో వెసెల్ అనే వైద్యుడు లెక్క చెప్పాడు. ఆరో వారానికి ముదురుతుంది, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. గాలి వల్లే ఏడుపని అందరూ అనుకుంటారు గానీ, ఏడుస్తూ మింగిన గాలే చాలాసార్లు కిందినుంచి పోతుంది.

ఇక చేతులతో చేసే వైద్యానికి మీ అత్తయ్యే గురువు. కాళ్ళు చాపుకుని కూర్చుని, పసివాణ్ణి పిక్కల మీద బోర్లా వేసుకుని నీళ్ళు పోస్తారు చూడండి, ఆ బోర్లా పట్టే కావాలి. ఏడుపు మొదలవగానే బాబుని మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల మోచేతి వంపులో ఆనేలా పట్టుకుని, వీపు నిమురుతూ అటూ ఇటూ తిరగండి. వెల్లకిలా వేసినప్పుడు మోకాళ్ళు మెల్లగా పొట్టకి ఆనించి చాపండి. బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపే నిమరండి. పాలు తాగేటప్పుడు చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి. తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేలా తట్టండి. తమలపాకుకి ఆముదం రాసి, వెచ్చచేసి పొట్ట మీద వేస్తారా? వెయ్యనివ్వండి, కానీ ముందు మీ మణికట్టు మీద పెట్టి చూసుకోండి. గోరువెచ్చన మించితే పసిచర్మం బొబ్బలెక్కుతుంది. నిద్రకి మాత్రం వెల్లకిలానే.

మీకు విసుగొస్తే బాబుని మంచం మీద వెల్లకిలా ఉంచి, ఇంకొకరికి అప్పగించి పక్కకి వెళ్ళండి. ఎంత కోపమొచ్చినా కుదపకూడదు.

జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, పచ్చటి వాంతి అయినా, దొడ్డికి రక్తం పడినా, పొట్ట గట్టిగా ఉబ్బినా, పాలు మానేసి మగతగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. మీకు పీజీ ఆసుపత్రి దగ్గరే.

పప్పూ ఆలుగడ్డా హాయిగా తినండి. మీ పేగుల్లోని గాలి పాలలోకి దిగదు.

ప్రశ్న: మా పాప రెండు నెలలది, ఖరగ్‌పూర్‌లో ఉంటాం. దొడ్డికి వెళ్ళేముందు పది నిమిషాలు ఎర్రబడి ముక్కుతుంది, తీరా చూస్తే మెత్తగానే అవుతుంది. మా అమ్మమ్మ తమలపాకు కాడ ఆముదంలో ముంచి వెనకాల పెడుతుంది. మంచిదేనా?

జవాబు: వద్దు. మెత్తగా అవుతోందంటే మలబద్ధకం కాదు. ముక్కేటప్పుడు కింది కండరం వదులు చెయ్యాలన్న సంగతి పాప ఇంకా నేర్చుకుంటోంది. కాడ పెట్టి అలవాటు చేస్తే కాడ కోసమే ఎదురుచూస్తుంది, లోపల గీసుకుపోతుంది కూడా. కాళ్ళు మడిచి పట్టుకోండి, చాలు. గట్టిగా, ఉండలుగా అయితే పిల్లల డాక్టరుకి చూపించండి.