లోకావేక్షణం – భాషాసాహిత్యబోధన : పాతనగర దృష్టాంతం

కావ్యహేతువులను నిరూపించిన మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటిని సమష్టిగా స్వీకరించాడు. నిపుణత లోకశాస్త్రకావ్యాదుల పరిశీలనవల్ల సిద్ధిస్తుందన్నాడు. వీటిలో లోకమే మొదటిది కావడం గమనార్హం. ఈ కారికను విద్యార్థులు పరీక్షలకై కంఠస్థం చేస్తారు. లోకావేక్షణానికి మాత్రం పాఠ్యక్రమంలో తరచుగా చోటుండదు.

జాన్ డ్యూయీ 1938లోను, డేవిడ్ కోల్బ్ 1984లోను అనుభవమూలకమైన విద్యను గూర్చి గ్రంథాలు వెలువరించారు. అనుభవం, పర్యాలోచన, సూత్రీకరణ, పునఃప్రయోగం అన్నది కోల్బ్ చెప్పిన క్రమం. 2020 నాటి జాతీయ విద్యావిధానం సైతం ఈ పద్ధతిని ఆదరించింది. అనుమానం ప్రత్యక్షపూర్వకమని న్యాయసూత్రాలలో చదివినవారికి ఇది బొత్తిగా అపరిచితం కాదు.

హైదరాబాదు పాతనగరంలో ఈ బోధనకు కావలసిన సామగ్రి పుష్కలంగా ఉన్నది. చార్మినార్‌కు పడమట లాడ్‌బజారు లక్కగాజులకు ప్రసిద్ధం. లక్కను బొగ్గుల వేడిమికి మెత్తపరచి, పొడవుగా సాగదీసి, వలయంగా వంచి, వెచ్చదనం ఆరకముందే అద్దపురాళ్ళు పొదుగుతారు. ఆదిపర్వంలో లక్కయింటి ఘట్టం చదివిన విద్యార్థి వేడిమికి లక్క ఎంతలో కరుగుతుందో ఇక్కడ కన్నులారా చూస్తాడు. పురోచనుని పన్నాగం ఎంత దారుణమో అప్పుడు అతనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. సంస్కృతంలోని లాక్షాశబ్దం, తెలుగు లక్క, పనివారి నోటి ఉర్దూ లాఖ్ ఒకే కుంపటి దగ్గర కలుసుకుంటాయి. భాషాశాస్త్రపాఠానికి ఇంతకంటె మంచి ఆరంభం దొరకదు.

సాహిత్యచరిత్ర సంగతీ ఇట్టిదే. చార్మినార్ నిర్మాణం 1591 నాటిది. అంతకు ముందే, 1550–1580 నడుమ గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించారు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నగంటి తెలగనార్యుని యయాతిచరిత్ర అచ్చతెలుగు కావ్యం. దాని కృతిభర్త పటాన్‌చెరువు ప్రాంతపు అమీన్‌ఖాన్. అన్యదేశ్యాలే కాదు, తత్సమాలు సైతం లేని కావ్యాన్ని పారసీకం రాజభాషగా ఉన్న రాజ్యంలో ఒక ఖాను స్వీకరించడం చిన్న విషయం కాదు. దీనిని ఒక మార్కు ప్రశ్నగా కుదించడం బోధనాదోషమే.

ఉత్సవాల తులనాత్మక పరిశీలన మరింత జాగరూకతను కోరుతుంది. ఆషాఢంలో బోనాల సందర్భంగా అక్కన్న మాదన్నల ఆలయ ఘటం ఏనుగుపై ఊరేగుతుంది. ముహర్రం పదవనాడు డబీర్‌పురానుండి బీబీకా ఆలం కూడ ఏనుగుపైనే బయలుదేరుతుంది. తెలంగాణ పల్లెలలో పీర్లపండుగ ఎరిగిన విద్యార్థి ఈ సాదృశ్యాన్ని సులువుగా గ్రహిస్తాడు. అయితే మొదటిది అమ్మవారి పూజ, రెండవది కర్బలా శోకస్మృతి. పోలికను చూచి భేదాన్ని మరచినవానికి సాంస్కృతికసామర్థ్యం అబ్బినట్లు కాదు.

ఇట్టి పర్యటన విహారయాత్రగా మారే ప్రమాదం లేకపోలేదు. కొలిమిదగ్గరి పనివాడు ప్రదర్శనవస్తువు కాడు. అతని పనివేళ, అనుమతి తెలిసికొనే వెళ్ళాలి, ‘మీరు’ అనే సంబోధించాలి. పదిమంది విద్యార్థులకు మించని బృందమైతే మాటామంతీ సాగుతుంది. వెళ్ళకముందు సంబంధిత కావ్యభాగం చదివించాలి. తిరిగివచ్చిన మరునాడే ప్రతివిద్యార్థి తాను విన్న ఇరువది పదాలను, పలికినవారి ఉచ్చారణతో, సందర్భంతో వ్రాసి తరగతిలో చదవాలి. నిఘంటువులో కనబడని పదాలను వేరొక పట్టికగా ఉంచి, మరుసటి పర్యటనలో వాటినే అడిగి తెలిసికొనవచ్చు.